జెరికో గేమ్: ఆడబోయేవాళ్లు, ఆడి తిట్టుకున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కర్నూలు. నేను, మా తమ్ముడు, అనంతపురంలో ఉండే మా చిన్నాన్న కొడుకు, కడప నుంచి సెలవులకు వచ్చే ఒక ఫ్రెండు, నలుగురం ఈ గేమ్‌ను చాలాసార్లు ఆడాం, ఇంకా చాలాసార్లు దీని గురించి కొట్లాడాం. ఎవరికి చూపించినా అవే ప్రశ్నలు అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడదామని కూర్చున్నా. ఇందులో నా అభిప్రాయం ఉంది, మా వాళ్ల అభిప్రాయాలూ ఉన్నాయి, అవి ఒకదానితో ఒకటి కలవవు.

ఇంతకీ ఇది ఏ గేమ్?

పూర్తి పేరు క్లైవ్ బార్కర్స్ జెరికో. 2007 అక్టోబరులో పీసీకి, టీవీకి తగిలించి ఆడే పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360లకూ వచ్చింది. తయారు చేసింది స్పెయిన్‌కు చెందిన మెర్క్యురీస్టీమ్, విడుదల చేసింది బ్రిటన్ కంపెనీ కోడ్‌మాస్టర్స్. క్లైవ్ బార్కర్ అంటే ఇంగ్లండ్‌లో పుట్టిన భయానక కథల రచయిత, ఈ గేమ్ కథ ఆయనదే. అంతకుముందు 2001లో అన్‌డైయింగ్ అనే ఇంకో గేమ్‌కు కూడా ఆయన పేరు ఉంది.

ఫస్ట్ పర్సన్ షూటర్, అంటే పాత్ర కళ్లతోనే చూస్తూ తుపాకీ కాల్చే ఆట. కానీ ఒంటరిగా తిరిగేది కాదు, వెంట ఒక టీమ్ ఉంటుంది, ఆ టీమ్‌లో ప్రతి ఒక్కరికీ ఒక తుపాకీతో పాటు ఒక మంత్రశక్తి ఉంటుంది. మంత్రగాళ్ల కమాండో దళం అనుకోండి.

కథ ఏంది? మొత్తం చెప్పొద్దు, మొదలు మాత్రం చెప్పండి.

దేవుడు ఆదాము కంటే ముందు ఇంకో ప్రాణిని చేశాడట. తన రూపంలోనే చేశాడు. అది ఆడా కాదు, మగా కాదు. చేశాక చూసి ఆయనకే మనసొప్పక దాన్ని చీకట్లో పారేసి తలుపు మూసేశాడు. ఆ తర్వాతే మనుషులను చేశాడు. దాని పేరు ఫస్ట్‌బార్న్, అంటే పెద్దకొడుకో పెద్దకూతురో ఏదో ఒకటి అనుకోవాలి, ఆ ముక్క తెలుగులో సరిగ్గా కుదరదు. అది ఊరుకుంటుందా? యుగయుగాలుగా బయటికి రావాలని చూస్తూనే ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ ఏడుగురు మంత్రవేత్తలు వెళ్లి ప్రాణాలు ఒడ్డి మళ్లీ మూసేస్తారు. మూసినప్పుడల్లా ఆ కాలపు ఊరి ముక్క ఒకటి దాంతో పాటే లోపల ఇరుక్కుపోతుంది.

ఎడారిలో అల్ ఖాలీ అనే శిథిల నగరం. అక్కడ ఆ తలుపు మళ్లీ తెరుచుకుంటుంటే మన టీమ్ వెళ్తుంది. లోపలికి పోయే కొద్దీ కాలం వెనక్కి పోతుంది. ముందు ఇప్పటి కాలం, దాని కింద రెండో ప్రపంచ యుద్ధం, దాని కింద క్రూసేడ్లు, అంటే ఐరోపా క్రైస్తవుల మధ్యయుగపు మతయుద్ధాలు, దాని కింద రోమన్లు, అన్నిటికంటే అడుగున ఇప్పటి ఇరాక్ ప్రాంతపు ప్రాచీన నాగరికత సుమేరియా. ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు.

ఏడుగురు అనగానే మా అమ్మ "సప్తమాతృకలు కదరా" అంది. ఆవిడ గేమ్ చూడలేదు, వంటింట్లో ఉండి మా మాటలు విన్నది అంతే. తుంగభద్ర దాటి అలంపురం పోతే జోగులాంబ గుడిలో సప్తమాతృకల విగ్రహాలు ఉంటాయి, రక్తబీజుడితో యుద్ధంలో అమ్మవారి పక్కన నిలబడింది వాళ్లే. బార్కర్‌కు ఆ కథ తెలుసని నేను అనడం లేదు. కానీ ఏడుగురు కలిస్తే తప్ప ఆగని చెడు అనే ఊహ మన వాళ్లకు కొత్తగా ఏమీ ఉండదు, అందుకే మా ఇంట్లో ఈ కథ అందరికీ తొందరగా ఎక్కింది.

ఏడుగురిలో మనం ఎవరు?

ఇదే ఈ గేమ్‌లో అసలు విషయం, కాబట్టి కాస్త ఎక్కువే చెప్తా. మొదట్లో మనం కెప్టెన్ రాస్. కొంతసేపటికి రాస్ చచ్చిపోతాడు. ఇది ముందే చెప్పేసినందుకు తిట్టుకోకండి, అసలు గేమ్ అక్కడి నుంచే మొదలవుతుంది. శరీరం పోతుంది గానీ ఆత్మ మిగులుతుంది, ఆ ఆత్మ మిగిలిన ఆరుగురిలో ఎవరిలోకైనా దూరగలదు. ఒక్క బటన్ చాలు, ఇప్పుడు దూరం నుంచి గురిచూసి కాల్చే స్నైపర్‌లో ఉన్నవాడివి మరుక్షణం ఫాదర్‌లో ఉంటావు.

మా ఫ్రెండు మొదటిసారి ఇది చూసి "పరకాయ ప్రవేశం ప్పా ఇది" అన్నాడు. అంతే, నేను ఎంత వివరించినా అంత బాగా చెప్పలేను. శంకరాచార్యులు అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించిన కథ చిన్నప్పుడు విన్నవాళ్లకు ఈ ఆట ఐదు నిమిషాల్లో అర్థమైపోతుంది.

ఇక ఆరుగురు. డెల్గాడో దగ్గర పెద్ద మినీగన్ ఉంటుంది, ఒక చేతిలో అగ్ని భూతాన్ని మోస్తుంటాడు, వదిలితే అది పాములా పోయి ఎదుటివాడిని కాల్చేస్తుంది. అబిగైల్ బ్లాక్ స్నైపర్, కాల్చిన బుల్లెట్‌ను మనసుతో తిప్పగలదు. బిల్లీ చర్చ్ చేతిలో కత్తి, తన రక్తంతోనే మంత్రం వేస్తుంది. జోన్స్ తన ఆత్మను బయటికి పంపి చూడగలడు. కోల్ లెక్కలు, కంప్యూటర్ల మనిషి, వాస్తవాన్నే కోడ్ లాగా మార్చి కాలాన్ని నెమ్మది చేస్తుంది. ఫాదర్ రాలింగ్స్ పాస్టరు, రెండు చేతుల్లో రెండు పిస్టళ్లు, పడిపోయినవాళ్లను దూరం నుంచే లేపగలడు. మిగతావాళ్లు దగ్గరికి పోయి లేపాలి, ఈయన ఒక్కడికే ఆ వెసులుబాటు. ఈ పాస్టరు గారు మీకు ఎంత ముఖ్యమో కిందికి పోయే కొద్దీ తెలుస్తుంది.

ఫోన్‌లో ఆడే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)లో లాగా ఫ్రెండ్స్‌తో స్క్వాడ్ కట్టి ఆడొచ్చా?

లేదు. ఆన్‌లైన్ లేదు, పక్కన కూర్చుని రెండు కంట్రోలర్లతో ఆడేదీ లేదు. ఒక్కరే ఆడాలి. ఆరుగురు ఉన్న గేమ్‌లో ఇంకొకరికి చోటు పెట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మేమైతే వంతులు వేసుకుంటాం, ఎవరి చేతిలో కీబోర్డు ఉన్నప్పుడు ఎవరైనా పడిపోతే కీబోర్డు పక్కవాడికి ఇవ్వాలి. అట్లా ఆడితే పరకాయ ప్రవేశం ఇటువైపు కూడా జరిగినట్టు ఉంటుంది.

టీమ్‌లో వాళ్లు ఊరికే ఎందుకు చచ్చిపోతుంటారు? నాకు పిచ్చెక్కుతోంది.

అందరూ అడిగే ప్రశ్న ఇదే. తిట్లు కూడా ఎక్కువ దీనికే.

నిజం చెప్పాలంటే కంప్యూటర్ నడిపే టీమ్‌మేట్స్‌కు బుర్ర తక్కువ. దాక్కోరు. పేలిపోయే రాక్షసుడు పరిగెత్తుకొస్తుంటే వాడి ఎదురుగానే నిలబడి కాలుస్తారు, వాడు వచ్చి పేలితే ముగ్గురు ఒకేసారి పడతారు. ఇరుకు సందుల్లో ఒకరి దారికి ఒకరు అడ్డం. మీరు పోయి ఒకరిని లేపుతారు, ఈలోపు ఇంకొకరు పడతారు, వాళ్లను లేపేలోపు మొదట లేపినవాడు మళ్లీ పడతాడు. బీజీఎంఐ అలవాటైన మా తమ్ముడు పది నిమిషాలు ఆడి "అన్నా, నేను గేమ్ ఆడుతున్నానా, పెద్దాసుపత్రిలో డ్యూటీ చేస్తున్నానా" అని కీబోర్డు పక్కకు నెట్టేశాడు. వాడిది న్యాయమైన కోపమే. తుపాకీ పట్టుకున్న సమయం కంటే రివైవ్ చేసే సమయం ఎక్కువైతే దాన్ని షూటర్ అని ఎట్లా అంటారు?

మా చిన్నాన్న కొడుకు మాత్రం వేరేగా చెప్తాడు. వాడి వాదన ఏందంటే, ఈ గేమ్‌లో మనం రాస్, రాస్‌కు సొంత ఒళ్లే లేదు, కాబట్టి ఈ ఆరుగురే వాడి ఒళ్లు. చెయ్యి తెగితే చెయ్యి చూసుకుంటాం, కాలు విరిగితే కాలు చూసుకుంటాం, ఇదీ అంతే. ఒకరు పడితే అయ్యో అనుకోవాలి, అందరూ పడితే గేమ్ ఓవర్. ఒక్కరు నిలబడి ఉన్నా రాస్ బతికి ఉన్నట్టే. మనం ఉన్న మనిషి పడిపోతే ఆత్మ ఎగిరి ఇంకొకరిలోకి పోతుంది, అక్కడి నుంచి మళ్లీ ఒక్కొక్కరినే లేపుకుంటూ రావాలి.

మొదట నేను తమ్ముడి పక్షమే. మూడో పొర దాటాక మారిపోయా. క్రూసేడ్ల కోటలో ఒక చోట ఐదుగురు పడిపోయారు, చర్చ్ ఒక్కటే మిగిలింది, చుట్టూ కత్తుల చేతులవాళ్లు. గదిలో మా నలుగురిలో ఒక్కడూ మాట్లాడటం లేదు. రక్తం చిందించి మంత్రం వేశా, ఎదురుగా వస్తున్నవాళ్లు ఉన్నచోటే బిగుసుకుపోయారు, ఆ నాలుగు క్షణాల్లో పరిగెత్తి రాలింగ్స్‌ను లేపా, వెంటనే రాలింగ్స్‌లోకి దూరి దూరం నుంచి డెల్గాడోను లేపా, డెల్గాడో లేస్తూనే నిప్పు వదిలాడు. ఒంటరిగా ఆడే ఏ షూటర్‌లోనూ నాకు ఆ అనుభవం రాలేదు. టీమ్‌మేట్స్‌కు తెలివి తక్కువ అన్నమాట నిజమే, కానీ వాళ్లు పడకపోతే ఆ క్షణం వచ్చేదే కాదు అన్నదీ నిజమే. రెండూ కలిపే చెప్పాలి.

సరే, వాళ్లను బతికించుకోవడానికి ఏమైనా కిటుకు ఉందా?

ఉంది. టీమ్‌ను ఆల్ఫా, ఒమేగా అని రెండు గుంపులుగా విడగొట్టి ఉంటారు, ఒక్కో గుంపుకు వేరువేరుగా ఆగమని, ముందుకు పొమ్మని చెప్పొచ్చు. చాలామంది ఆ కమాండ్లను ముట్టుకోరు, అందరినీ వెంట వేసుకుని గొర్రెల మందలా గదిలోకి దూరతారు. అట్లా చేయకండి. తలుపు దగ్గరే ఒక గుంపును ఆపండి, ఇంకో గుంపుతో లోపలికి పోండి, లోపలివాళ్లు పడినా బయట ఒక గుంపు నిలబడి ఉంటుంది.

రాలింగ్స్‌ను ఎప్పుడూ వెనక గుంపులో ఉంచండి. ఆయన పడితే సగం ఆట పోయినట్టు.

పేలిపోయేవాళ్లను దూరంలో ఉండగానే కాల్చాలి. ఒంటి మీద ఉబ్బిన పుండ్లు మెరుస్తుంటాయి, అక్కడే కొట్టాలి. దీనికి బ్లాక్‌ను మించినవాళ్లు లేరు.

ఇంకొకటి, ఒకే మనిషిలో పాతుకుపోకండి. మార్చుతూ ఉండండి. మీరు ఎవరిలో ఉంటే వాళ్లే తెలివిగా ఆడతారు, మిగతా ఐదుగురు గేమ్ దయ మీద ఉంటారు, కాబట్టి ఎవరు ప్రమాదంలో ఉంటే వాళ్లలోకి దూకడమే ఉపాయం.

అందరిలో ఎవరితో ఆడితే మజా?

నన్ను అడిగితే బ్లాక్. ఆమె శక్తిని వాడి ఒక బుల్లెట్ కాల్చగానే మన చూపు ఆ బుల్లెట్ వెనకాలే పోతుంది. గాలి చీలుతున్న శబ్దం తప్ప ఇంకేమీ వినపడదు. మౌస్‌ను మెల్లగా కదిపితే బుల్లెట్ కూడా మెల్లగా ఒంగుతుంది. ఒకడి తలలోంచి పోయి, ఆగకుండా స్తంభం పక్కనుంచి తిరిగి, వెనకాల దాక్కున్నవాడి తల దగ్గరికి చేరుతుంది. మౌస్ కొంచెం ఎక్కువ జరిపామా, గోడకు కొట్టుకుంటుంది. ఆ కాసేపు చేతివేళ్లు తప్ప ఒళ్లంతా కదలకుండా కూర్చుంటాం.

మా తమ్ముడు డెల్గాడో తప్ప ఎవరినీ ముట్టుకోడు. కడప ఫ్రెండుకు చర్చ్ ఇష్టం, కత్తితో దగ్గరికి పోయి కొట్టడం వాడికి సరదా. జోన్స్‌ను, కోల్‌ను చాలామంది వాడరు, శక్తులు బాగానే ఉన్నా హడావుడిలో గుర్తుకురావు. ఇది నాకు బాధ కలిగించే విషయం. కోల్ పాత్రను ఎంత బాగా ఊహించారో అంత బాగా ఆడించలేకపోయారు. కొన్ని చోట్ల గేమ్ టీమ్‌ను విడదీసి ఇద్దరు ముగ్గురితోనే ఆడిస్తుంది, అప్పుడైనా కొత్తవాళ్లను పట్టించుకుంటాం, అది మంచి పని.

నిజంగా భయమేస్తుందా, ఊరికే అసహ్యంగా ఉంటుందా?

ఇక్కడ మా నలుగురిలోనే రెండు పార్టీలు. ఉన్నట్టుండి తలుపు తీసి అరిచే భయం ఇందులో పెద్దగా లేదు. రక్తం, చర్మం ఒలిచిన ఒళ్లు, మాంసంలోకి దిగిన ఇనుము, ఇవి చాలా ఉన్నాయి. కాసేపటికి కళ్లు అలవాటు పడిపోతాయి, అప్పుడు భయం పోయి చిరాకు వస్తుంది అని కడప వాడి మాట.

నాకు భయమేసింది వేరే చోట. బెలుం గుహలకు పోయారా? ఇప్పుడు నంద్యాల జిల్లా అయింది గానీ మాకు చిన్నప్పటి నుంచి మా కర్నూలు గుహలే. మూడు వేల మీటర్ల పైచిలుకు పొడవు. పైన ఎండ మాడుతుంటుంది, మెట్లు దిగుతాం, మొదట హాయిగానే ఉంటుంది, లైట్లు ఉంటాయి, జనం ఉంటారు. లోపలికి పోయే కొద్దీ గాలి బరువెక్కుతుంది, చొక్కా వీపుకు అంటుకుంటుంది, దారి ఒక మనిషి పట్టేంతే మిగులుతుంది. అన్నిటికంటే లోతున పాతాళగంగ, పైనుంచి 46 మీటర్లు. అక్కడ నిలబడి, తిరిగి పోవాల్సిన దారి మొత్తం తలుచుకుంటే గుండెలో ఒక బరువు దిగుతుంది చూడండి, జెరికో భయం అచ్చంగా అది. ప్రతి పొర దిగినప్పుడు ఇంకా కిందికి పోతున్నాం, వెనక దారి మూసుకుపోయింది అనిపిస్తుంది. ఆ ఊపిరాడనితనం నాకు గేమ్ ఆపేశాక కూడా కాసేపు పోలేదు.

క్రూసేడ్ల పొరలో ఇంకో సంగతి ఉంది. 1212లో పిల్లలు కూడా క్రూసేడ్‌కు బయల్దేరారని ఐరోపాలో చెప్పుకునే కథ ఒకటుంది. ఆ పిల్లలను ఈ గేమ్ ఏం చేసిందో అక్కడికి పోయాక చూడండి. మా చిన్నాన్న కొడుక్కు చిన్న పాప ఉంది, ఆ భాగం వాడు నాకు ఇచ్చేసి వరండాలోకి పోయాడు.

మధ్యలో బాణం గుర్తులు వచ్చి, టక్కున నొక్కకపోతే చచ్చిపోయే సీన్లు ఎందుకు పెట్టారు?

ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి. ఆ కాలంలో అది ఫ్యాషన్. గోడ ఎక్కుతున్నా, ఎవడైనా మీద పడినా తెర మీద గుర్తులు వస్తాయి, ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికి. ఎవ్వరూ వీటిని మెచ్చుకోగా నేను వినలేదు. నాలుగైదు సార్లు చేస్తే వరుస గుర్తుండిపోతుంది, అదొక్కటే ఓదార్పు.

ఎప్పుడూ అవే రాక్షసులు వస్తున్నారేంది?

అవును, వస్తారు. కాలం మారినప్పుడు వేషం మారుతుంది, కొట్టే పద్ధతి పెద్దగా మారదు. దారులు కూడా ఒకే గీత, ఇటు పోదామా అటు పోదామా అని ఆలోచించే పని లేదు. గది, కాల్పులు, సందు, గది, కాల్పులు. ఈ ఫిర్యాదుకు నా దగ్గర సమాధానం లేదు, ఒప్పుకోవాల్సిందే. అందుకే ఒకే రోజు కూర్చుని పూర్తి చేయొద్దని అందరికీ చెప్తా. రోజుకు గంట, గంటన్నర ఆడండి, అప్పుడు ప్రతి పొరా కొత్తగా ఉంటుంది. బాసులు, అంటే మామూలు రాక్షసుల కంటే పెద్ద శత్రువులు, మాత్రం బాగుంటారు, రోమన్ పొరలో తిండి మీద తిండి తిని ఒళ్లు కొండలా పెరిగిన ఒక గవర్నర్ ఉంటాడు, వాడిని ఒకసారి చూశాక మర్చిపోవడం కష్టం.

ఫియర్, లెఫ్ట్ ఫోర్ డెడ్ ఆడాం. వాటికంటే బాగుంటుందా?

ఆటగా చూస్తే లేదు. 2005లో వచ్చిన ఫియర్‌లో శత్రువులకు ఉన్న తెలివి ఇందులో మన టీమ్‌కు కూడా లేదు. అక్కడ వాళ్లు చుట్టుముడతారు, బల్లలు పడేసి దాక్కుంటారు, ఒకరినొకరు పిలుచుకుంటారు. కానీ ఫియర్‌లో మనం ఒంటరి. 2008లో వచ్చిన లెఫ్ట్ ఫోర్ డెడ్‌లో నలుగురు మనుషులే ఆడొచ్చు, మనం ఎలా ఆడుతున్నామో చూసి గేమే ఎప్పుడు ఎవరిని వదలాలో నిర్ణయించుకుంటుంది, అందుకే వందసార్లు ఆడినా విసుగు రాదు. జెరికో ఈ రెండిటి మధ్యలో పుట్టి రెండువైపులా ఓడిపోయింది.

అయినా ఆ రెండిటిలోనూ నేను ఒక మనిషినే. ఒకే పోరాటంలో ఆరు రకాల మనుషులుగా ఉండటం, తుపాకీ మారినట్టు కాక ఒళ్లు మారినట్టు ఉండటం జెరికోలోనే చూశా. అందుకే దీన్ని వదల్లేకపోతున్నా.

ఇంత చెప్తున్నారు గదా, మరి అప్పట్లో ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు?

టైమింగ్ చూడండి. అదే 2007లో ఆగస్టులో బయోషాక్, సెప్టెంబరులో హేలో 3, అక్టోబరులోనే ఆరెంజ్ బాక్స్, నవంబరులో కాల్ ఆఫ్ డ్యూటీ 4. అంతటి పెద్దవాళ్ల మధ్యలో సగం ఉడికిన అన్నం పెడితే ఎవరు తింటారు? రివ్యూలు కూడా ఊహ బాగుంది, ఆట బాగాలేదు అన్న ధోరణిలోనే వచ్చాయి. మా దగ్గర నెట్ సెంటర్లలో ఆ రోజుల్లో కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ తప్ప ఇంకోటి అడిగేవాళ్లు లేరు. నేను జెరికోను మొదటిసారి చూసింది ఒక నెట్ సెంటర్‌లోనే, గంటకు డబ్బులు కట్టి ఆడుతుంటే సరిగ్గా రాస్ చచ్చిపోయే ముందు కరెంటు పోయింది. డబ్బులు తిరిగి ఇవ్వలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కరెంటు పోతే ఆడినదంతా పోతుందా?

చెక్‌పాయింట్ దగ్గర దానంతట అదే సేవ్ అవుతుంది, మనకు కావాల్సిన చోట సేవ్ చేసుకోలేం. చివరి చెక్‌పాయింట్ నుంచి మళ్లీ ఆడాల్సిందే. ఎండాకాలంలో మా వైపు కరెంటు సంగతి తెలిసిందే, యూపీఎస్ లేకుండా బాస్ దగ్గరికి పోకండి.

ఏ కంప్యూటర్ కావాలి?

2007 నాటి గేమ్, ఖరీదైన కార్డు అక్కర్లేదు. మేం ఆడింది మా చిన్నాన్న కొడుకు పాత డెస్క్‌టాప్ మీద. మే నెలలో, మిద్దె మీద గదిలో, క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్‌ను లోపలికి తిప్పి పెట్టి ఆడాం, మాకు మాత్రం గాలి లేదు. పక్కన ఉగ్గాని, బజ్జీల ప్లేటు ఉండేది, నిప్పు పాము సీన్ వచ్చినప్పుడు బజ్జీ చేతిలోనే చల్లారిపోయేది. పీఎస్3 డిస్క్ ఎవరైనా అమ్ముతుంటే కొనే ముందు ఒక్క మాట, అది పీఎస్4లో గానీ పీఎస్5లో గానీ ఆడదు.

హెడ్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోండి. సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి, ఆరుగురు ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరు ఏమన్నారో అర్థం కాదు, వాళ్ల మాటల్లో కథ చాలా ఉంది.

పిల్లలు ఆడొచ్చా?

వద్దు. పెద్దలకు మాత్రమే అని రేటింగ్ ఇచ్చారు, ఊరికే ఇవ్వలేదు. మా తమ్ముడి స్నేహితుడి కొడుకు, ఎనిమిదో తరగతి, తలుపు సందులోంచి చూస్తుంటే నేనే ఆపేసి క్రికెట్ గేమ్ పెట్టా.

దేవుడి గురించి ఇట్లా చెప్పడం తప్పు కాదా?

ఇది చర్చికి పోయే ఒక ఫ్రెండ్ నన్ను నేరుగా అడిగిన ప్రశ్న, తేలిగ్గా తీసుకోలేదు నేను. దేవుడు తను చేసినదాన్ని తనే పారేశాడు అన్నమాట నమ్మకం ఉన్నవాళ్లకు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవడం సహజం. ఇది బైబిల్‌లో ఉన్న కథ కాదు, రచయిత కల్పన. ఒక్కటి మాత్రం ఆయనకు చెప్పా, ఈ గేమ్‌లో పాస్టరు నవ్వులాటకు పెట్టిన మనిషి కాదు, అందరికంటే ఎక్కువ మందిని లేపేది ఆయనే. ఆయన విన్నాడు. ఆడనని అన్నాడు. ఆయన మాటను నేను గౌరవిస్తా, మీ ఇంట్లోనూ ఎవరైనా వద్దంటే హాల్లో పెట్టి ఆడకండి.

ముగింపు బాగాలేదని అందరూ అంటున్నారు, నిజమేనా?

నిజమే. ఏం జరుగుతుందో చెప్పను, ఎలా జరుగుతుందో చెప్తా. ఐదు పొరలు దిగి, వందసార్లు ఒకరినొకరు లేపుకుని, చిట్టచివరికి దాని ముందు నిలబడతాం. ఆ పోరాటం అయ్యాక ఇంకేదో ఉంటుందని చూస్తుంటాం. ఏమీ ఉండదు. టక్కున తెగిపోతుంది. మా గదిలో ఒక నిమిషం ఎవరూ లేవలేదు, ఇంకా సీన్ ఉందేమో అని అట్లాగే కూర్చున్నాం, పేర్లు పడుతూనే ఉన్నాయి. ఇంత దూరం మోసిన మనుషులకు ఒక్క మంచి వీడ్కోలు కూడా లేకపోవడం నాకు టీమ్‌మేట్స్ చావుల కంటే ఎక్కువ కోపం తెప్పించింది.

రెండో భాగం వచ్చిందా?

రాలేదు. మెర్క్యురీస్టీమ్ వాళ్లు తర్వాత 2010లో క్యాసిల్‌వేనియా లార్డ్స్ ఆఫ్ షాడో, 2021లో మెట్రాయిడ్ డ్రెడ్ చేశారు, రెండూ మంచి పేరు తెచ్చుకున్నాయి. చేతకానివాళ్లు కాదన్నమాట. ఇప్పటి వాళ్ల అనుభవంతో, నలుగురు ఆన్‌లైన్‌లో ఆడేలా జెరికో మళ్లీ చేస్తే మొదటి రోజే డబ్బులు పెట్టి కొంటా.

మీరు మళ్లీ ఆడతారా?

ఆడుతున్నాం కూడా. ఈసారి మా తమ్ముడే పట్టుబట్టాడు. డెల్గాడోను ముట్టుకోకూడదని పందెం, ఓడినవాడు కారం దోసెలు తెప్పించాలి. పోయిన ఆదివారం వాడు రాలింగ్స్‌తో రోమన్ పొర దాకా వచ్చాడు. నలుగురు పడిపోయి ఉన్నారు, వాడు ఒక స్తంభం వెనక నిలబడి ఒక్కొక్కరినే దూరం నుంచి లేపుతున్నాడు. పెద్దాసుపత్రి డ్యూటీ అని విసిరికొట్టినవాడే, "ఆగండి ఆగండి, కోల్ లేస్తోంది, కోల్ లేస్తే చాలు" అంటూ కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డాడు.